గంటస్తంభం దాటని స్వేచ్ఛ

2025 అక్టోబరులో విజయనగరానికి వరసగా రెండు ముఖ్యమైన మంగళవారాలు వచ్చాయి. 7న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. 14న విండోస్ 10కి సపోర్టు ముగింపు, అంటే మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసిన రోజు. మొదటిదానికి జనం ఇసకవేస్తే రాలలేదు. రెండోదానికి మా ఇంట్లో నేనొక్కణ్ణే హాజరయ్యాను.

విండోస్ 11కి వెళ్లాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదై ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నా ల్యాప్‌టాప్ ఆరో తరం. తరాలు కుదరక సంబంధం తప్పిపోయింది. అంచేత విండోస్ బదులు వాడుకునే లినక్స్‌కి మారుతున్నానని ఇంట్లో ప్రకటించాను.

"ఉచితమండీ" అన్నాను తోడల్లుడు గారితో. "అయితే ఇప్పటిదాకా కొంటున్నామేటి?" అన్నారాయన. నిజమే. రిపేరు కొట్లో కుర్రాడు మూడొందలు పుచ్చుకుని వేసిచ్చే విండోస్‌కి రసీదు అడిగిన మొనగాడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఒక్కడూ లేడు. ఇది న్యాయంగానే ఉచితం అని వివరించేసరికి ఆయనకి ఉన్న ఆసక్తి కూడా పోయింది.

కానీ ఇక్కడ అసలు సరుకు స్వేచ్ఛ. 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించిన అమెరికా ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ ఉద్యమం నాలుగు స్వేచ్ఛలిచ్చింది. కంప్యూటర్ వాళ్లు కదా, సున్నా నుంచి మూడు దాకా లెక్కపెడతారు. నడుపుకో, విప్పి చూసి మార్చుకో, పంచిపెట్టు, మార్చినదాన్నీ పంచిపెట్టు. అంతకుముందు ఆయనకి ఒళ్లు మండింది ఒక ప్రింటరు దగ్గర. ల్యాబులో అది మాటిమాటికీ కాగితాలు ఇరికించుకుంటుంటే, సరిచేద్దామని దాని సోర్స్ కోడ్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము అసలు రాత, అడిగితే ఇవ్వలేదు. (ప్రింటరు సంగతి గుర్తుంచుకోండి.) 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ సరదాకి మొదలెట్టిన లినక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, ఇవాళ మూడు కోట్ల లైన్లు దాటింది. ఆ మూడు కోట్ల లైన్లూ చదివే హక్కు నాకుంది. కరెంటు బిల్లు వెనక ఏం రాసుంటుందో మాత్రం ఇంతవరకు చదవలేదు.

ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటు 24.04 అనే లినక్స్ రకం ఎక్కించి తెచ్చాడు. "డిస్క్ మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చేయి" అన్న మాట దగ్గర నా వేలు ఆగింది. "అమ్మాయి పెళ్లి ఫొటోలు తీసి పక్కన పెట్టారా?" అని మా ఆవిడ వంటింట్లోంచే అడిగింది. పెట్టాను. అయినా ఇన్‌స్టాల్ అవుతున్నంతసేపూ గాల్లోకి లేపిన సిరిమాను కొసన కూర్చున్నట్టే ఉంది. పూజారి గారికైతే భక్తులు అరటిపళ్లు విసురుతారు. నాకు సలహాలు విసిరారు.

వైఫై రాలేదు. రావాలంటే డ్రైవరు దించాలి, అది దించాలంటే నెట్ ఉండాలి. ఫోను కేబులుతో తగిలించి ఆ గండం దాటాం. తర్వాత టెర్మినల్ అనే నల్లకిటికీ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర మీద చుక్క లేదు, నక్షత్రం లేదు. కీబోర్డు పోయిందనుకుని తిరగేసి తట్టాను. నిరుటి జంతికల ముక్కలు రాలాయి గాని అక్షరం పడలేదు.

"మావయ్యా, అది అంతే. కనబడదు గానీ పడుతుంది. కొట్టేసి ఎంటర్ నొక్కు" అన్నాడు మేనల్లుడు.

దేవుడి గురించి మా అమ్మ కూడా ఇంచుమించు ఇలాగే చెప్పేది.

ఇక మనవడి అన్నప్రాసన కార్డు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద రెండు రాత్రులు కుస్తీపట్టి, లిబ్రేఆఫీస్ అనే ఉచిత రాతసాధనంలో, ఏ కంప్యూటరైనా చదవగలిగే శుద్ధమైన యూనికోడ్‌లో, ఒత్తులన్నీ సరిచూసుకుని తయారుచేశాను. అచ్చువేయించడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని గంటస్తంభం దగ్గర డీటీపీ కొట్టుకి వెళ్లాను. స్టాల్‌మన్ గారి విప్లవం ప్రింటరు దగ్గర మొదలైంది. నాది ప్రింటరు దాకా వచ్చింది.

ఆపరేటరు ఫైలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "ఏటండీ మాస్టారూ ఇది? మాది అనూ ఫాంటు, యూనికోడ్ కాదు. మీ అక్షరాలు మా డిజైన్లో కూర్చోవు."

"పీడీఎఫ్ కూడా తెచ్చానయ్యా."

"మంచిదే. దాన్ని చూసి మళ్లీ కొట్టాలి. చూసి కొట్టాలంటే తెర మీదకన్నా కాయితం నయం. రాసిచ్చీండి, సాయంత్రానికి ప్రూఫు ఇచ్చీస్తాను."

అతని ముందు ఎవరిదో పాత శుభలేఖ ఉంది. దాని వెనక మనవడి పేరు, ముహూర్తం, ఇంటి అడ్రసు రాసిచ్చాను. పెన్ను కూడా అతనిదే.