బాబ్బాబు, ఒక్క కమిషన్!

మన దేశంలో కమిషన్లకి కరువెప్పుడూ లేదు. నేతాజీ ఎక్కిన ఒక్క విమానం గురించే మూడు విచారణలు జరిపించాం: 1956లో ఒకటి, 1970లో ఒకటి, 1999లో ఇంకోటి. బాబ్రీ మసీదు కూల్చివేత మీద మూడు నెలల్లో నివేదిక ఇమ్మన్న లిబర్‌హాన్ కమిషన్‌కి 48 సార్లు గడువు పెంచి పదిహేడేళ్లు ఓపిగ్గా కూర్చున్నాం. ఇంతటి విచారణాప్రియులం, 1962 చైనా యుద్ధంలో దాదాపు మూడు వేలమంది చైనా సంతతి జనాన్ని పట్టుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పడేసిన సంగతి మీద ఒక్కటీ వేయలేదు. ఎంత నామోషీ!

పాపం, చట్టప్రకారమే చేశారు లెండి. శత్రుదేశపు పౌరుడివి నువ్వే కానక్కర్లేదు. అమ్మో నాన్నో, వాళ్లూ కాకపోతే తాతో అమ్మమ్మో ఎప్పుడో ఒకప్పుడు అయివుంటే చాలు. 1830ల్లో తేయాకు తోటలకి తెల్లదొరలు చైనా కూలీల్ని తెచ్చిన అస్సాంలో ఇక తాతలకి కొదవా? ఊహించుకోండి:

"మీ తాతది ఏ ఊరు?"

"కాంటన్ అండీ."

"ఏం చేసేవాడు?"

"తేయాకు కోసేవాడండీ."

"ఇప్పుడెక్కడ?"

"నేను పుట్టకముందే పోయాడండీ."

"చూశావా, దొరక్కుండా పోయాడు! ఎక్కు బండి."

"మా ఆవిడ అస్సాం మనిషేనండీ..."

"ఆవిడనీ ఎక్కమను. ఆ చంకలో పిల్లెవరు? దాన్నీ."

రైలు మీద ‘ఎనిమీ ట్రైన్’ అని రాసి ఉండేదని అందులో వెళ్లినవాళ్లు చెబుతారు. వారం ప్రయాణం. అస్సాంలో జనాన్ని ఇళ్లలోంచి లేపుకెళ్లింది నవంబరు 19న, చైనా కాల్పులు ఆపింది 21న. శత్రువులు దేవ్‌లీ చేరకముందే యుద్ధం అయిపోయింది! అయినా రైలు వెనక్కి తిరగలేదు. కొందరిని 1967 దాకా వదల్లేదు. నెల్లాళ్ల యుద్ధానికి నాలుగేళ్లు దాటిన నిర్బంధం. కేసు లేదు, కోర్టు లేదు. ముసలివాళ్లు కొందరు అక్కడే పోయారు, పిల్లలు కొందరు అక్కడే పుట్టారు. క్యాంపులో పుట్టిన పసిగుడ్డు ఎవరికి గూఢచారి అయ్యా? సిగ్గుండక్కర్లేదూ?

అమెరికా కూడా తక్కువేం తినలేదు, 1942లో లక్షా ఇరవై వేలమంది జపాన్ సంతతి వాళ్లని బంధించింది. కానీ 1980లో కమిషన్ వేసింది, ఏడు వందలమందికి పైగా సాక్షుల్ని వింది. జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, నాయకుల చేతకానితనం వల్లే ఇదంతా జరిగిందని ఆ కమిషనే తేల్చింది. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లిచ్చింది. అక్కణ్నుంచి పిజ్జా దాకా తెచ్చుకున్నాం, ఇదొక్కటే మన ఒంటికి పడలేదు.

దేవ్‌లీలో పెరిగి కెనడా చేరిన అప్పటి పిల్లలు, ఇప్పుడు ముసలివాళ్లు, ఒక్క క్షమాపణ అడుగుతున్నారు. కమిషన్ వేసే ఉద్దేశముంటే మొదటి ప్రశ్న నేనే రాసిస్తాను: వాళ్లు లోపలుండగా శత్రు ఆస్తి అని వేలం వేసిన ఇళ్లూ దుకాణాలూ ఎవరెవరు కొన్నారు, ఎంతకి కొన్నారు? రెండో ప్రశ్నకి తొందర లేదు. ఇన్నాళ్లూ కమిషన్ ఎందుకు వేయలేదో ఆ జాబితా చూశాక మాట్లాడుకుందాం.