పక్క బెంచీవాడితో పోటీ ఏంటి?

"పోటీ పెరిగి పిల్లలు స్వార్థపరులైపోతున్నారు" అని ఈమధ్య ఓ వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు సగమే నచ్చింది. తప్పు పిల్లలది కాదు. వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకుల లిస్టు గోడకి అంటించి, దాన్నిబట్టి సెక్షన్లు మార్చే మన ఇంటర్ కాలేజీల పద్ధతిది. ఆ లిస్టు చూశాక ఎవడైనా నోట్సు దాచుకుంటాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ రాసేది పది లక్షల మందికి పైనే. పక్కవాడికి ఫిజిక్స్‌లో ఓ రొటేషన్ లెక్క చెప్పినంత మాత్రాన మన పర్సంటైల్ ఏమీ పడిపోదు. పైగా వాడు "టార్క్ ఆ పాయింట్ దగ్గరే ఎందుకు తీసుకున్నావ్?" అని అడిగినప్పుడే కదా మనకెంత వచ్చో తెలిసేది!

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన 'జిగ్‌సా' పద్ధతిలో పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇస్తారు. మిగతాది తోటివాళ్ల నోటే వినాలి. పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లదే. మార్కుల కోసమైనా పక్కవాడికి నేర్పక తప్పదు, వాడు చెప్పేది వినకా తప్పదు.

అలాగని అన్నిటికీ ఊ కొట్టక్కర్లేదు. ప్రాక్టికల్స్ ముందురోజు రాత్రి "రికార్డు ఫొటోలు పెట్టరా మామా" అని వాట్సాప్ చేసేవాడికి పెట్టొద్దనే అంటాను. పొద్దున్నే ఓ అరగంట ముందొస్తే కూర్చోబెట్టి చెప్పండి, చాలు.