ఏడు చేపల కథకి నీతి అడగకండి

మా అక్క కూతురు ఎల్‌కేజీ. మొన్న వాళ్ళింటికెళ్తే స్కూల్ డైరీ తెచ్చి చూపించింది, ఏ నుంచి జెడ్ దాకా రెండుసార్లు, 1 నుంచి 50 దాకా ఒకసారి, ఇంకా స్టాండింగ్ లైన్ స్లీపింగ్ లైన్ ఒక పేజీ, ఇదంతా ఒక్కరోజు హోంవర్క్. నాలుగేళ్ళ పిల్ల, పెన్సిల్ పట్టుకుని పట్టుకుని వేలు కందిపోయింది. "ఇది రాసెయ్, అమ్మమ్మ కథ చెప్తుంది" అని వాళ్ళమ్మ ఆశ పెడుతోంది. నాకు కష్టంగా అనిపించింది అక్కడే. రాయడం చదువు, కథేమో చదువు అయ్యాక ఇచ్చే చాక్లెట్ అయిపోయింది. నేననేది ఏంటంటే ఆ వయసులో కథే అసలు పాఠం, అది కూడా చివర్లో వచ్చే నీతి వల్ల కాదు, మధ్యలో జరిగే దానివల్ల.

ఆ రాత్రి మా అమ్మ ఏడు చేపల కథే చెప్పింది, మనందరికీ తెలిసిందే. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. "మోపు అంటే?" అని ఆపేసింది పిల్ల. మా అమ్మ రెండు చేతులూ చాపి దేన్నో వాటేసుకున్నట్టు చూపించి, ఇంత గడ్డి తాడేసి కడితే మోపు అంది. పిల్ల కూడా చేతులు అలాగే చాపి చూసుకుని, ఊ, అంది. కథ ముందుకెళ్ళింది.

ఇప్పుడు ఆ కథ లోపల ఏముందో చూడండి. ఏడుగురికి ఏడు చేపలు, అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి, అందులో ఒకటి ఎండలేదంటే ఎండినవి ఆరు, ఇది లెక్కలు. గడ్డి మొదలు చీమ దాకా ఒక్కో దానికీ వెనక ఒక కారణం, ఇది సైన్స్ చదవడానికి కావాల్సిన మొదటి అలవాటు. భాష సంగతి ఇంకా గొప్పది. ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, ఈ మేయడానికీ మేపడానికీ ఉన్న తేడా గ్రామర్ క్లాసులో చెప్పాలంటే హైస్కూల్ పిల్లలకే తల తిరుగుతుంది, నాలుగేళ్ళ పిల్ల చెవితో పట్టేస్తుంది. చీమ పిలుపులో చీమా అవుతుంది, అవ్వ అవ్వా అవుతుంది. చివర్లో "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా" అన్న ఒక్క మాటలో షరతు ఉంది, ప్రశ్న ఉంది, కోపం కూడా ఉంది. మర్నాడు పొద్దున అన్నం లేటైతే ఆ పిల్ల వంటింట్లోకెళ్ళి "కుక్కరూ కుక్కరూ ఎందుకు కుయ్యలేదు?" అని అడిగింది. ఎవరూ నేర్పలేదు, కథ అచ్చు తీసుకుని సొంత వాక్యం పోసుకుంది.

ఊ కొట్టడం అనేది కూడా చిన్న విషయం కాదండీ. ఊ ఆగిపోయిందంటే పిల్లకి అర్థం కాలేదనో నిద్రొచ్చిందనో చెప్పేవాళ్ళకి తెలుస్తుంది, వెనక్కెళ్తారు, గొంతు మారుస్తారు. యూట్యూబ్‌లో ఎంత మంచి బొమ్మల కథ పెట్టినా అది ఊ కోసం ఆగదు, మోపు అంటే ఏంటని అడిగితే చేతులు చాపి చూపించదు.

ఇక నీతి. స్కూళ్ళలో కథ అవగానే "వాట్ ఈజ్ ద మోరల్" అని అడగడం, పిల్లలంతా ఒకే పాట పాడటం. ఏడు చేపల కథకి నీతి ఏం చెప్తారు? ఎవరి పని వాళ్ళు చెయ్యాలనా, తప్పు ఇంకొకరి మీద నెట్టకూడదనా, పుట్టలో వేలు పెట్టకూడదనా? ఒకటి ఖాయం చేసి బట్టీ కొట్టించామంటే అప్పటిదాకా ఆలోచించిన పిల్లలు ఆలోచించడం ఆపి టీచర్ మొహం చూడటం మొదలుపెడతారు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. భావనగర్‌లో 1920లో బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకా చిన్నపిల్లల చదువులో కథకి పెద్దపీట వేశారు, లాయర్ పని వదిలేసి వచ్చిన ఆయన్ని గుజరాత్‌లో మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. చికాగోలో వివియన్ పేలీ అనే టీచర్ ఇంకో అడుగు వేసింది, పిల్లలు చెప్పే కథని వాళ్ళ మాటల్లోనే రాసుకుని అదే రోజు క్లాసులో వాళ్ళచేత ఆడించేది.

మన ప్రభుత్వ కాగితాల్లో కూడా లోటేం లేదు. 2020 విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళని ఒకే దశగా పెట్టింది, 2022లో ఆ దశకి వచ్చిన పాఠ్యప్రణాళిక కథలకి మంచి చోటే ఇచ్చింది, 2023లో బొమ్మలు, కథల పుస్తకాలతో జాదూయీ పిటారా పెట్టె వచ్చింది. కానీ పెట్టె తెరిచే మనిషికి తీరిక కావాలి కదా. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి, టీచరమ్మ గుడ్లు పాలు లెక్క చూసుకోవాలి, పిల్లల బరువులు తుయ్యాలి, యాప్‌లో ఎంట్రీలు చెయ్యాలి, ఇవన్నీ అయ్యాక మిగిలిన టైంలో కథ. ఆంధ్రాలో 2023 డిసెంబర్‌లో జీతాల కోసం రోడ్డెక్కి, జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు వీళ్ళు. గొంతు మార్చి, చేతులు తిప్పి, ఓపిగ్గా కథ చెప్పమని అడిగేముందు ఆ మనిషికి మనం ఏం ఇస్తున్నామో కూడా చూడాలి.

భాష ఇంకో చిక్కు. ఆదిలాబాద్‌లో గోండి, కొలామి, భద్రాచలం వైపు కోయ, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకి మన ఏడు చేపలు కూడా పరాయి భాషే. అక్కడ ఊళ్ళో ముసలమ్మని వారానికి రెండుసార్లు సెంటర్‌కి పిలిచి వాళ్ళ కథ వాళ్ళ మాటలో చెప్పిస్తే చాలు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ప్రైవేట్ స్కూళ్ళ మీద మాత్రం మొత్తం తప్పు వెయ్యలేను. కథ చెప్తే నోట్‌బుక్‌లో ఏమీ కనపడదు. ఫీజు కట్టిన తల్లిదండ్రులు సాయంత్రం పుస్తకం తిరగేసి పేజీలు నిండాయా అని చూస్తారు, అందుకే స్కూల్ పేజీలు నింపిస్తుంది. అక్షరాలు వద్దని నేననట్లేదు, నేర్పాలి, కానీ మాట తెలియని పిల్లకి అక్షరం ఇస్తే చదువుతుంది గానీ అర్థం కాదు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఎన్ని పేజీలు అయ్యాయి అని కాకుండా ఈ వారం ఏం కథ చెప్పారు, మా పాప ఏం అడిగింది అని అడిగి చూడండి, నాలుగు సార్లు అడిగితే వాళ్ళూ మారతారు.

ఆ రాత్రి కథ అయ్యాక మా అక్క కూతురు కాసేపు ఊరుకుని, "మరి ఆ చేప ఎండిందా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ రాలేదు ఆ డౌటు. మా అమ్మ "ఏమో, నువ్వే చెప్పు" అంది. పిల్ల దుప్పట్లోంచి లేచి కూర్చుంది. "గడ్డి ఆవు తినేసింది, ఎండ వచ్చింది, చేప ఎండింది అమ్మమ్మా. కానీ రాజుగారికి లేదు, చీమలు వచ్చి పుట్టలోకి తీసుకెళ్ళిపోయాయి."

"అన్ని చీమలూనా?"

"ఊ. బరువు కదా."