గజాల న్యాయం

గజం అంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. హైదరాబాదులో మనిషి ఎత్తును అడుగుల్లో కొలిచినా, మనిషి స్థాయిని గజాల్లోనే కొలుస్తారు. అందువల్ల అమెరికన్ ఫుట్‌బాల్‌లో తప్పు చేసినవాళ్లకు గజాల్లో శిక్ష పడుతుందని తెలిసిన రోజున ఆ ఆట మీద నాకు అమాంతం గౌరవం పుట్టుకొచ్చింది. అయిదు గజాలు, పది గజాలు, పదిహేను గజాలు. తప్పు చేశావా, నీ స్థలంలోంచి ఇంత ముక్క వదులుకో. వివాదం వస్తే కొలవడానికి సరిగ్గా పది గజాల గొలుసు ఒకటుంటుంది, రెండు చివర్లా రెండు కర్రలతో. పిలిచిన మరుక్షణం దాన్ని మోసుకుంటూ మైదానం మధ్యకు పరుగెత్తుకు వస్తారు. మా ఊళ్లో సర్వేయరు ఇలా పరుగెత్తగా చూసిన పుణ్యాత్ములు ఇంకా పుట్టలేదు.

మా అబ్బాయి ఇక్కడ, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, బడి బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటలో జట్టు టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతితో ఎదుటివాళ్ల గోల్ గీత దాటి ఆరు పాయింట్లు తెస్తే, బ్యాండు విజయగీతం వాయించాలి. కాబట్టి టచ్‌డౌన్ అనేది మా ఇంట్లో కుటుంబ విషయం. ఈసారి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా అత్తగారిని కూడా తీసుకువెళ్లాము. ఆవిడ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, మైదానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చూసి, "ఎంత ఉంటుంది బాబూ?" అన్నారు. రెండు చివర్లా గోల్ గీతల అవతల ఉండే ఎండ్ జోన్లతో కలిపి పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల ఒక అడుగు. అంతా 6,400 చదరపు గజాలని చెప్పాను. ఆవిడ పెదవులు కదిపి లెక్క కట్టి, "ఎకరం ముప్పై రెండు సెంట్లు. రోడ్డు పక్కనే ఉంది కూడానూ" అన్నారు. ఆట అర్థం కావడానికి ఇంతకన్నా పునాది అక్కరలేదు.

రెండో క్వార్టరులో మా వాళ్ల కుర్రాడు ఒకడు బంతి అందుకుని గీత వెంబడి పరుగు తీశాడు. వెనక తరుముతున్నవాడు రెండు గజాల దూరంలో ఉన్నాడు, ఇక అందుకోలేడు. అయిదు గజాల గీత దగ్గర, అంటే గోల్ గీతకు ఇంకా అయిదు గజాలుండగా, మా వాడికి బుద్ధి పుట్టింది. తల వెనక్కి తిప్పి, బంతిని చేతిలో పైకెత్తి, తరుముతున్నవాడికి ఊరించి చూపించాడు. అలా చూపిస్తూనే ఎండ్ జోనులోకి వెళ్లాడు. స్కోరు బోర్డు మీద ఆరు పడింది. డప్పులు మొదలయ్యాయి. మా అబ్బాయి బుగ్గలు ఉబ్బాయి. విజయగీతం మొదటి చరణం సగంలో ఉండగా, అయిదు గజాల గీత దగ్గర గడ్డి మీద పసుపుపచ్చని గుడ్డ ఒకటి కనిపించింది.

అత్తగారికి చూపు ఇప్పటికీ బాగుంది. "అదేమిటి, ఎవరిదో ముడుపు పడిపోయింది" అన్నారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. పసుపు గుడ్డ, మూలన ముడివేసిన చిన్న బరువు. అచ్చం ముడుపే. తప్పు కనబడగానే రిఫరీ విసిరే ఈ జెండా పుట్టుక కూడా ఇంటి మూటల్లోంచే జరిగింది. 1941లో ఒహాయో రాష్ట్రం యంగ్‌స్టౌన్‌లో డ్వైట్ బీడీ అనే కోచ్, రిఫరీలు మాటిమాటికీ బూర ఊదడం భరించలేక, గుడ్డ విసిరే పద్ధతి ఆలోచించాడు. ఆయన భార్య ఇర్మా ఇంట్లో పాత గుడ్డలు వెదికి, బరువు కట్టి, మొదటి జెండాలు కుట్టి ఇచ్చింది. మొక్కు ఎవరిదో, తీర్చుకునేది ఎవరో అప్పటి నుంచీ ఎవరికీ అర్థం కావడం లేదు.

రిఫరీ నడుముకున్న మీట నొక్కి మైకులో తీర్పు చదివాడు. ఎదుటివాడిని ఊరించినందుకు ఆరు పాయింట్లు రద్దు. తప్పు జరిగిన అయిదు గజాల గీత నుంచి పదిహేను గజాలు వెనక్కి. బంతి ఇరవై గజాల గీత మీద. బోర్డు మీది ఆరు సున్నా అయింది. ట్రంపెట్లు ఊపిరి మధ్యలో ఆగిపోయాయి. పాపం ట్యూబా వాయించే పిల్లకు మాత్రం ఆ పెద్ద గొట్టంలోంచి తీర్పు వినిపించలేదు. మరో నాలుగు స్వరాలు ఒంటరిగా వాయించి, చుట్టూ చూసి ఆపింది.

ఇప్పుడు న్యాయశాస్త్ర విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. అదే కుర్రాడు అదే బంతిని అదే వెకిలితనంతో అయిదు గజాలు ఓపిక పట్టి, గీత దాటాక చూపించి ఉంటే? ఆరు పాయింట్లూ భద్రంగా ఉండేవి. పదిహేను గజాల శిక్ష టచ్‌డౌన్ వెంటనే దొరికే అదనపు పాయింటు ప్రయత్నం మీదో, ఆ తరువాత ఆటను మళ్లీ మొదలుపెట్టే తన్ను, అంటే కిక్‌ఆఫ్ మీదో పడేది. అంతే. ఎదుటివాడి మనసు నొచ్చుకోవడం రెండు చోట్లా సమానమే. కానీ గీతకు ఇవతల నొచ్చుకుంటే దాని ఖరీదు ఆరు పాయింట్లు, అవతల నొచ్చుకుంటే కాస్త నేల. కాలేజీ ఫుట్‌బాల్ పెద్దలు 2011లో తెచ్చిన నిబంధన ఇది. టెక్సస్‌లో హైస్కూలు పిల్లలు కూడా కాలేజీ నిబంధనల ప్రకారమే ఆడతారు. మా ఇంటి నుంచి గంట ప్రయాణం చేసి రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. అక్కడి బడుల్లో వేరే పుస్తకం. ఈ కుర్రాడు అక్కడ ఇదే పని చేసి ఉంటే టచ్‌డౌన్ నిలిచేది. సంస్కారం విలువ వంతెన దాటగానే మారుతుంది, పెట్రోలు ధరలాగా.

నేను ఇదంతా అత్తగారికి విడమరచి చెప్పాను. ఆవిడ శాలువా సర్దుకుని, "దీనికి ఇంత పుస్తకం ఎందుకు బాబూ? మూడు ముళ్లు పడకముందు గొడవ చేస్తే పెళ్లి ఆగిపోతుంది. పడ్డాక చేస్తే అప్పగింతల దగ్గర చూసుకుంటారు" అన్నారు. అమెరికా నిబంధనల సంఘాలు దశాబ్దాలుగా చర్చిస్తున్న విషయం ఇంత పొట్టిగా చెప్పిన మనిషిని నేను చూడలేదు.

ఈ పెళ్లి లెక్కకు సాక్ష్యాలు బోలెడు. 2011 అక్టోబరులో లూసియానా స్టేట్ జట్టు పంటర్ (బంతిని ఎదుటివాళ్ల వైపు దూరంగా తన్నేవాడు) బ్రాడ్ వింగ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కుర్రాడు, తన్నవలసిన బంతిని తన్నకుండా పట్టుకుని ఫ్లోరిడా జట్టు మీదుగా పరుగెత్తాడు. పంటర్ జీవితంలో టచ్‌డౌన్ అనేది తోకచుక్కలాంటిది. గీత ఇంకా కొన్ని గజాలుండగా ఆనందం పట్టలేక చేతులు రెండూ చాపాడు. టచ్‌డౌన్ పోయింది. ముళ్లు పడకముందే నవ్వాడు, పాపం. ముళ్లు పడ్డాక నవ్వినవాడి కథా ఉంది. 2008లో సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆట నడిపేవాడు) జేక్ లాకర్ ఆటకు 2 సెకన్లుండగా టచ్‌డౌన్ చేసి, బంతిని ఆకాశంలోకి ఎగరేశాడు. టచ్‌డౌన్ నిలిచింది. పదిహేను గజాలు మాత్రం అదనపు పాయింటు మీద పడ్డాయి. స్కోరు సమం చేయవలసిన ఆ తన్ను దూరం పెరిగింది, ఎదుటివాళ్లు దాన్ని అడ్డుకున్నారు, బ్రిగమ్ యంగ్ జట్టు 28-27తో గెలిచింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదని మనం వాపోతాము. ఇక్కడ పూజారి ముందు వరమిచ్చి, తీర్థం పోస్తుండగా తీసుకుంటాడు.

ఇక తప్పు ఎదుటివాళ్లది అయితే మరో ముచ్చట. నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఈ భాగాన్నే. మన కోర్టులో ఫిర్యాదీ ముప్పై ఏళ్లు తిరిగి న్యాయం తెచ్చుకుంటాడు. ఇక్కడ రిఫరీ ఫిర్యాదీ దగ్గరికి వచ్చి, "న్యాయం కావాలా, అక్కరలేదా?" అని అడుగుతాడు. నష్టం జరిగినా లాభం వచ్చి ఉంటే, న్యాయం వద్దు పొమ్మనవచ్చు. మీరు టచ్‌డౌన్ చేస్తున్నప్పుడు ఎదుటివాడు ముందే గీత దాటి ఆఫ్‌సైడ్ అయ్యాడనుకోండి, మీరు నోరు విప్పే శ్రమ కూడా లేదు. కాలేజీ నిబంధనే మీ తరఫున ఆ అయిదు గజాలను వద్దనేస్తుంది. అలా కాక ఎదుటివాడు మీ వాడి మెడ విరిచే ప్రయత్నం చేశాడనుకోండి, అప్పుడు టచ్‌డౌనూ మీదే, పదిహేను గజాలూ మీవే. ఎక్కడ కావాలో మీరే చెప్పాలి. అదనపు పాయింటు దగ్గర తీసుకుంటే బంతి మూడు గజాల గీత మీద ఉంటుంది. ఉన్నదే మూడు గజాలైతే పదిహేను ఎలా ఇస్తారు? కాబట్టి సగం: గజంన్నర. కిక్‌ఆఫ్ మీద తీసుకుంటే 35వ గీత నుంచి ఏకంగా మైదానం నడిమికి వెళ్లి తన్నవచ్చు. ఒకే నేరానికి ఒక కౌంటరులో గజంన్నర, పక్క కౌంటరులో పదిహేను. మెడ విరిగినవాడు ఈలోగా స్ట్రెచరు మీద పడుకుని తన మెడ ఖరీదు ఏ కౌంటరులో తేలుతుందో విని తెలుసుకుంటాడు.

ఈ సగం లెక్క దగ్గర కాసేపు ఆగాలి. గోల్ గీతకు దగ్గరలో శిక్ష వేయవలసి వస్తే, మిగిలిన దూరంలో సగమే వేస్తారు. సగం ఎన్నిసార్లు వేసినా సగం మిగులుతూనే ఉంటుంది. 2025 జనవరిలో ఫిలడెల్ఫియాలో, ప్రొఫెషనల్ లీగులో సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో, ఈ లెక్కను వాషింగ్టన్ ప్రొఫెషనల్ జట్టు కనిపెట్టింది. బంతి గీత అంచున ఉంది. ఫిలడెల్ఫియా వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్‌ను వెనక నుంచి నెట్టుకుంటూ గీత దాటించే పేరుమోసిన ఎత్తు వేయబోతున్నారు. బంతి కదలకముందే వాషింగ్టన్ ఆటగాడు ఫ్రాంకీ లూవు వరుస మీదుగా గాల్లోకి ఎగిరి అవతల పడ్డాడు. శిక్ష: సగం దూరం. మళ్లీ ఎగిరాడు. మళ్లీ సగం. గజంతో మొదలుపెడితే అయిదోసారికి అంగుళం పైచిలుకు మిగులుతుంది, పదోసారికి అంగుళంలో ముప్పయ్యో వంతు దగ్గరికి వస్తుంది, అయినా మిగులుతుంది. ఈ రకంగా తెల్లవార్లూ ఎగరవచ్చు, తరతరాలు ఎగరవచ్చు. మన వైపు ఒక్క కొబ్బరిచెట్టు మీద మూడు తరాలు దావా నడిపినవాళ్లకు ఈ మహత్తు వెంటనే అర్థమవుతుంది. కానీ రిఫరీ షాన్ హోకులీకి ఓపిక తక్కువ. ఇలాగే సాగితే అసలు స్కోరే ఇచ్చేసే అధికారం తమకుందని మైకులో హెచ్చరించాడు. ఎగరడం ఆగింది. తరువాత జేలెన్ హర్ట్స్‌ను మామూలుగానే నెట్టారు, టచ్‌డౌన్ వచ్చింది, ఆట 55-23తో ముగిసింది. గణితశాస్త్రానికి గొప్ప నష్టం.

స్కోరు ఇచ్చేసే ఆ అధికారం ఉత్త బెదిరింపు కాదు. 1954 జనవరి 1న కాలేజీ జట్ల కాటన్ బౌల్ ఆటలో రైస్ జట్టు డికీ మేగల్ 95 గజాల పరుగులో ఉండగా, అలబామా బెంచీ మీద హెల్మెట్ కూడా లేకుండా కూర్చున్న టామీ లూయిస్ ఉన్నట్టుండి మైదానంలోకి దూకి అతన్ని పడగొట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. దీనికి ఎన్ని గజాలని రిఫరీలు ఆలోచించారు. చివరికి గజాలు పక్కనపెట్టి టచ్‌డౌనే ఇచ్చేశారు. ఆ ఆటలో గొలుసు లేకుండా జరిగిన ఏకైక న్యాయం అదే కావచ్చు.

కానీ ఈ శాస్త్రంలో నా గురువులు బాల్టిమోర్ రేవెన్స్. 2013 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ లీగు ఆఖరి పోటీ అయిన సూపర్ బౌల్ ముగియడానికి 12 సెకన్లుండగా వాళ్లు 34-29తో ముందున్నారు. బంతిని తన్ని ఎదుటివాళ్లకు ఇవ్వడం ప్రమాదం. అందుకని పంటర్ శామ్ కుక్ తన ఎండ్ జోనులోనే బంతి పట్టుకుని, పచార్లు చేస్తున్నవాడిలా తిరిగాడు. అతని ముందు నిలబడిన సొంత జట్టువాళ్లు ఎదుటివాళ్లను పెళ్లివిందులో కొసరి కొసరి వడ్డించేవాళ్లలా గట్టిగా పట్టుకున్నారు. పట్టుకోవడం తప్పే. ఎండ్ జోనులో పట్టుకుంటే శిక్ష సేఫ్టీ, అంటే ఎదుటివాళ్లకు రెండు పాయింట్లు. ఆ రెండు పాయింట్లు ఇచ్చేయడమే రేవెన్స్ పథకం! ఎనిమిది సెకన్లు కరిగాక కుక్ గీత బయటకు నడిచాడు, 34-31తో కప్పు బాల్టిమోర్‌కు వెళ్లింది. 2016లో సిన్సినాటి మీద ఇంకా నిర్మొహమాటంగా, జట్టంతా తలొకడినీ పట్టుకుని, ఆఖరి 11 సెకన్లూ అలాగే ఖర్చుచేసి గెలిచింది. మరుసటి ఏడాది నిబంధనల్లోకి కొత్త వాక్యం వచ్చింది: గడియారాన్ని కరిగించడానికి కావాలని మూకుమ్మడిగా తప్పులు చేయరాదు. ఒక్కొక్కరుగా చేయడం మీద నిషేధమేమీ కనబడదు. జైలుకు వెళ్తే వేళకు భోజనం దొరుకుతుందని దొంగతనం చేసినవాడికి ఏ శిక్ష వేయాలో మన ధర్మశాస్త్రాలకూ తోచలేదు కదా.

ఆ శుక్రవారం మా జట్టు ఓడిపోయింది. మా అబ్బాయి కారులో ఎక్కువ మాట్లాడలేదు. అత్తగారు ఇంటికి రాగానే స్నానం చేసి, తెల్లని చేతిరుమాలు ముక్క ఒకటి పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, అందులో పావలా కాయిన్ పెట్టి ముడి వేశారు. క్వార్టర్ అనాలని నేను చెప్పాను, ఆవిడకు పావలా అంటేనే సుఖం. వచ్చే ఆటలో మనవడి పాటకు అడ్డంగా జెండా పడకూడదని మొక్కు.

తరువాతి శుక్రవారం స్టేడియం గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తున్నారు. లోపలికి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచులే అనుమతిస్తారు. అత్తగారి సంచిలో మాత్రల పక్కన ఆ పసుపు ముడుపు స్పష్టంగా కనబడింది. గార్డు దాన్ని బయటికి తీశాడు, అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి బరువు చూశాడు. తరువాత ఎంతో మర్యాదగా, ఈవిడ మ్యాచ్ అఫీషియలా అని నన్ను అడిగాడు. తర్జుమా చేసి చెప్పాను. అత్తగారు కొంగు సర్దుకుని, ఆ గొలుసు పట్టుకునేవాళ్లు ఎటువైపు కూర్చుంటారో కనుక్కోమన్నారు.