పది నిమిషాల పనికి సర్టిఫికెట్ ఎలా ఇస్తాం?

అమెరికాలో బడిపంతుళ్ళకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. వాళ్ళు పిల్లలకు చెబుతారు, మేం వాళ్ళకు చెబుతాం, మాకు ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి సాఫీగా నడుస్తున్న ఏర్పాటు ఇది. ఈమధ్య కొందరు పనిగట్టుకుని దీని మీద లెక్కలు తీసి నలుగురిలో పెడుతున్నారు. మా వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మా లక్ష్యం గొప్పది. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలు కూడా కాలేజీకి వెళ్ళాలి. అందుకు ముందు టీచర్లు మారాలి. టీచర్లు మారాలంటే గుండ్రటి బల్లల చుట్టూ కూర్చోవాలి. వరుస బల్లల మీద ఎవరూ మారరని మా శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది.

ఎనిమిదిన్నరకు సంతకాలు. తొమ్మిదికి ఐస్‌బ్రేకర్: "మీరు జంతువైతే ఏ జంతువు అయ్యేవారు?" పాతికేళ్ళుగా ఒకే వరండాలో ఎదురుపడుతున్న ఇద్దరు లెక్కల టీచర్లు ఒకరికొకరు తాబేలుగా, గుడ్లగూబగా పరిచయమవుతారు. ఆ తర్వాత బల్లకో చార్టు, మూడు మార్కర్లు (ఒకటి ఎండిపోయినదే ఉండాలి, లేకపోతే సహకార భావం పెరగదు), ఒక పసుపు స్టిక్కీ నోట్ల కట్ట. 'సమాన అవకాశం అంటే మీకేమిటి?' అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో మాట రాసి గోడకి అతికించాలి. అందరూ లేచి గోడ చుట్టూ తిరిగి చదువుకోవాలి. సాయంత్రానికి ఏసీ గాలికి ఆ కాగితాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఊడ్చే మనిషి 'ఆశ', 'నమ్మకం', 'న్యాయం' ఒకే చేటలోకి ఎత్తుతాడు.

మంత్రాలకు చింతకాయలు రాలతాయా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రాలకపోతే మేం స్లైడులో అక్షరాల సైజు పెంచుతాం. 'ప్రతి బిడ్డా కాలేజీకి అర్హుడే' అన్న మా మొదటి స్లైడు ఇప్పుడు తెర అంచులు దాటి గోడ మీద పడుతోంది.

ఇక లెక్కల సంగతి. 2015లో టీఎన్‌టీపీ అనే సంస్థ మూడు పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులను నడిపే విభాగాల) ఖర్చు తవ్వి తీసింది. ఒక్కో టీచరును మెరుగుపరచడానికి ఏడాదికి సుమారు 18,000 డాలర్లు అవుతున్నాయట. టీచరు సమయంలో 19 బడిరోజులు ఇందులోనే పోతున్నాయట. ఇంతా చేస్తే రెండు మూడేళ్ళలో చెప్పుకోదగ్గంత మెరుగుపడింది పదిమందిలో ముగ్గురేనట. దీన్ని వైఫల్యం అనేవాళ్ళకు వ్యాపారం తెలియదు. ముగ్గురు మెరుగుపడ్డారంటే ఏడుగురు మిగిలారు. ఏడుగురికి మళ్ళీ శిక్షణ కావాలి. రోగం తగ్గకపోతే మందు మోతాదు పెంచుతారు గానీ వైద్యుణ్ణి అనుమానిస్తారా?

అంతకు ముందు, 2007లో, కొందరు పరిశోధకులు టీచర్ల శిక్షణ వల్ల పిల్లలకు ఒరిగిందేమిటో చూద్దామని 1,300కు పైగా అధ్యయనాలు ముందేసుకున్నారు. సరైన పద్ధతిలో చేసినవని తేలినవి తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో కూడా 14 గంటలకు మించిన శిక్షణకే ఫలితం కనిపించింది, అంతకంటే పొట్టివి పిల్లలకు అక్కరకు రాలేదు. పరిశోధన అంటే మాకు ప్రాణం. మా వర్క్‌షాపు భోజన విరామంతో కలిపి ఆరున్నర గంటలు. అందుకే అదే వర్క్‌షాపును మూడు పేర్లతో మూడుసార్లు పెట్టి పందొమ్మిదిన్నర చేశాం.

మధ్యాహ్నం భోజనాల తర్వాత కళ్ళు మూతలు పడే వేళకి మా దగ్గర ఒక కథ ఉంటుంది. హైమే ఎస్కలాంటే. బొలీవియా నుంచి వలస వచ్చిన లెక్కల మాస్టారు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో గార్ఫీల్డ్ హైస్కూలు. 1982లో ఆయన శిష్యులు పద్దెనిమిది మంది, ఎక్కువమంది పేదింటి పిల్లలే, కాలేజీ స్థాయి కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. ఇక్కడికి రాగానే హాలంతా చప్పట్లు. నేను స్లైడు మార్చేస్తాను.

మార్చకపోతే ప్రమాదం. ఎందుకంటే తర్వాత జరిగింది వేరే. జవాబులు ఒకేలా ఉన్నాయని పరీక్ష పెట్టినవాళ్ళకు అనుమానం వచ్చింది. పద్నాలుగు మందిని మళ్ళీ రాయమన్నారు. పన్నెండు మంది రాశారు, పన్నెండుగురూ మళ్ళీ పాసయ్యారు. 'ప్రతి బిడ్డా అర్హుడే' అన్న స్లైడు పక్కన ఇది పెడితే ఎవరైనా చెయ్యెత్తి, "మరి ఆ బిడ్డ పాసైతే నమ్మలేదేం?" అని అడుగుతారు. మాస్టారు ఆ బడిలో చేరింది 1974లో అన్న సంగతి కూడా నేను చెప్పను. ఎనిమిదేళ్ళ కథను ఎనిమిది నిమిషాల్లో చెప్పడమే నా నైపుణ్యం. ఆ నైపుణ్యానికి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది.

బడుల్లో పిల్లలకు కాలేజీ దారి చూపించే కౌన్సెలర్లు చాలడం లేదన్నది ఇంకో ఫిర్యాదు. ఒక్కొక్కరికి 250 మంది విద్యార్థులు ఉండాలని కౌన్సెలర్ల సంఘం అంటుంది. 2023-24లో దేశ సగటు 376. కౌన్సెలర్‌ను పెడితే ప్రతి నెలా జీతం ఇవ్వాలి. మాకైతే రోజుకింత ఇస్తే చాలు, తెల్లారేసరికి మేమే వెళ్ళిపోతాం.

ఇవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది ఒక్కటే ఉంది, 2012లో అచ్చయిన ఒక పరిశోధన పత్రం. దాన్ని మా ఆఫీసులో గట్టిగా చదవడం నిషేధం.

కాలేజీ ఖర్చుకు ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. అప్పట్లో అందులో ప్రశ్నలు వందకు పైనే. పరిశోధకులు ఏం చేశారంటే, ఆదాయపు పన్ను పత్రాలు రాయించుకోవడానికి వచ్చే తక్కువ ఆదాయం కుటుంబాలను పట్టుకున్నారు. పన్ను లెక్కలు ఎలాగూ కంప్యూటర్లో ఉన్నాయి, వాటితోనే కొందరికి అక్కడికక్కడే ఆ దరఖాస్తు నింపిపెట్టారు. పది నిమిషాల్లోపు పని. ఇంకొందరికి దరఖాస్తు జోలికి పోకుండా, మీకు ఇంత సాయం రావచ్చు, ఫలానా కాలేజీలకు ఇంత ఫీజు అని సమాచారం మాత్రం ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, దరఖాస్తు నింపిపెట్టిన ఇళ్ళలోని హైస్కూలు పిల్లల్లో రెండేళ్ళ కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్ళు 36 శాతం. ఏ సాయమూ అందనివాళ్ళలో 28. మరి సమాచారం మాత్రమే అందినవాళ్ళు? వాళ్ళకు లాభమేమీ కనబడలేదు.

మా వృత్తి మొత్తం ఆ సమాచారం గుంపులోదే.

పక్కన కూర్చుని గడులు నింపిపెట్టడం కూడా ఒక విద్యేనా? దానికి ఐస్‌బ్రేకర్ లేదు, చార్టు లేదు, ముగింపు ఉపన్యాసం లేదు. పది నిమిషాల పనికి ఏ మొహం పెట్టుకుని సర్టిఫికెట్ ఇస్తాం? అదృష్టవశాత్తు ప్రభుత్వమే మా పరువు కాపాడింది. దరఖాస్తును తేలిక చేస్తున్నామని చెప్పి, ఏటా అక్టోబరు 1న తెరిచేదాన్ని 2023లో డిసెంబరు 30 దాకా తెరవలేదు. ఆ మూడు నెలలూ 'కొత్త దరఖాస్తు పట్ల సానుకూల దృక్పథం' మీద మా హాళ్ళు ఖాళీ లేవు.

అయినా పాత అలవాట్లు అంత తొందరగా పోవు. మొన్న ఒక హాల్లో స్టిక్కీ నోట్ల కార్యక్రమం జరుగుతుండగా చివరి బల్ల దగ్గర ఒక సైన్సు టీచరు ఫోను చెవికి ఆనించుకుని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ నాన్న మీతో ఉండట్లేదు కదా, అక్కడ అమ్మ వివరాలే ఇవ్వు. ఆఁ, కిందికి రా. అమ్మకి వేరే ఐడీ కావాలమ్మా, నీదే పెడితే తీసుకోదు. ఆమె మెయిల్‌కి కోడ్ వచ్చుంటుంది, చూడమను."

నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"మా స్టూడెంటండీ," అంది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి. "ఇవాళ రాత్రితో గడువు. వాళ్ళమ్మ రెండో షిఫ్టుకి వెళ్ళేలోపు అయిపోవాలి."

"మేడమ్," అన్నాను వీలైనంత మృదువుగా, "మనం ఇప్పుడు పేద పిల్లలకు కాలేజీ అవకాశాల గురించి చాలా ముఖ్యమైన చర్చలో ఉన్నాం. దయచేసి కాస్త ఇటు దృష్టి పెట్టండి."

ఆమె తలూపింది. ఫోను బల్ల కింద ఒళ్ళోకి వెళ్ళింది, పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తర్వాత గోడ దగ్గర తిరుగుతూ చూస్తే, ఆ బల్లవాళ్ళు అతికించిన కాగితాల్లో ఒకదాని మీద ఆరంకెల సంఖ్య రాసి ఉంది. సమాన అవకాశం అంటే ఆరంకెల సంఖ్య ఏమిటని అడిగాను. బల్ల మొత్తం నవ్వింది. ఆ బల్ల ఎదురుగా 'నిమగ్నత లోపం' అని రాసుకున్నాను.

సాయంత్రం అభిప్రాయాల ఫారాలు వచ్చాయి. సగటు అయిదుకు 4.8. సైన్సు టీచరు అన్ని గడుల్లోనూ 5 వేసింది, చదివినట్టు లేదు. చివర 'ఈ శిక్షణలో మీకు బాగా ఉపయోగపడిన అంశం' అన్న చోట మాత్రం వివరంగా రాసింది: "హాల్లో వైఫై చాలా బాగుంది. రెండోసారికే సబ్మిట్ అయింది."

వార్షిక నివేదిక మొదటి పేజీలో ఆ వాక్యమే వేస్తున్నాం.