దక్షిణ సూడాన్‌లో శాంతి దళం కాళ్లకు బంధం ఎవరు వేస్తున్నారు?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరే కుర్రాళ్లు ఎక్కువ. వాళ్ల బెటాలియన్‌కు ఎప్పుడైనా దక్షిణ సూడాన్ వంతు రావచ్చు. అక్కడ ఐక్యరాజ్యసమితి దళం ఎందుకు తడబడుతోందో వాళ్ల ఇంటివాళ్లకైనా తెలియాలి కదా.

ఆ దేశం 2011 జులై 9న స్వతంత్రమైంది. 2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్, మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. దాంతో మరుసటి ఏడాది భద్రతా మండలి పౌరుల రక్షణనే ఆ సమితి దళానికి, అంటే మిషన్‌కు, ప్రధాన బాధ్యత చేసింది. పౌరులకు ముప్పు చాలాచోట్ల ప్రభుత్వ సైన్యం నుంచే. మిషన్ అక్కడ ఉండాలన్నా అదే ప్రభుత్వం ఒప్పుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

సమితికీ ఆ ప్రభుత్వానికీ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం మిషన్ వాహనాలు ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఆచరణలో గస్తీకి ముందు సైన్యానికి కబురు పంపాలి, హెలికాప్టర్‌పై కాల్పులు జరపబోమని భద్రతా హామీ తీసుకోవాలి. ఆ కబురే క్రమంగా అనుమతిగా మారింది. చెక్‌పోస్టులో ‘పైనుంచి ఆర్డర్ రాలేదు’ అంటారు, పొద్దుగూకేసరికి గస్తీ వెనుదిరుగుతుంది. తోసుకుని పోవచ్చు, కానీ రేపు డీజిల్, రేషన్ లారీలను అదే చెక్‌పోస్టు ఆపేస్తుంది.

దీనికి వాన తోడు. వంశధార పొంగితే మనకు దారులు కొన్ని రోజులు తెగుతాయి. అక్కడి నల్లరేగడి బాటలు మే నుంచి అక్టోబరు దాకా చాలాచోట్ల లారీని ఇరుసు వరకు మింగేస్తాయి. ఇక హెలికాప్టరే దిక్కు. గాయపడినవారికి 10 నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో అత్యవసర వైద్యం, 2 గంటల్లో శస్త్రచికిత్స అందాలన్నది సమితి ప్రమాణం. హామీ ఆలస్యమైతే ఆ 2 గంటలు దాటిపోతాయి. అందుకే కమాండర్ దూరపు ఊళ్లకు జవాన్లను పంపడానికి వెనకాడతాడు. దాన్ని పిరికితనం అనడం అన్యాయం. 2013 ఏప్రిల్‌లో జొంగ్లై రాష్ట్రంలో కాన్వాయ్‌కి కాపలాగా వెళ్లి 5 మంది, డిసెంబరులో అకోబో స్థావరంపై దాడిలో ఇద్దరు భారత జవాన్లు ప్రాణాలిచ్చారు.

మిషన్ లోపాలూ ఉన్నాయి. 2016 జులైలో రాజధాని జుబాలో జరిగిన పోరులో చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలు ఒకే కమాండ్ కింద కదలలేదనీ, పరస్పర విరుద్ధమైన ఆదేశాలు అందాయనీ సమితి విచారణే తేల్చింది. ఫోర్స్ కమాండర్‌ను తప్పించారు. చెక్‌పోస్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇలా అడ్డుకున్న ఘటనలు ఇప్పుడు సెక్రటరీ జనరల్ నివేదికల్లో అంకెలుగా మిగిలిపోతున్నాయి. అలా కాక, హెలికాప్టర్‌ను ఆపిన ప్రతిసారీ తేదీ, చోటు, ఆపిన అధికారి హోదా 24 గంటల్లో మండలి ముందుకు రావాలి. సాయానికి వెళ్లే రిజర్వు దళం, హెలికాప్టర్ సిద్ధంగా లేని మారుమూల స్థావరానికి మన జవాన్లను పంపబోమని ఢిల్లీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఇన్నేళ్లుగా దళాలను పంపుతున్న దేశంగా ఆ షరతు పెట్టే హక్కు మనకు ఉంది.