చికెన్ షాపు నల్ల కవర్ గారికి

నల్ల కవర్ గారూ నమస్తే. బాగున్నారా అని అడగక్కర్లేదు, మొన్న శంషాబాద్ దాటాక ఖాళీ ప్లాట్లో చూశాగా, పొట్ట పగిలి, పేగులూ ఈకలూ కాళ్ళూ బయటేసుకుని దర్జాగా పడున్నారు, చుట్టూ కుక్కలు, గోడ మీద కాకులు, పైన గద్దలు గుండ్రంగా తిరుగుతూ. ఏం రాజభోగమండీ!

ఎయిర్‌పోర్టుకి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్త పడెయ్యకూడదని 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూలు చెప్తుంది, మాంసం కొట్లు, చేపల కొట్ల వేస్టు అని విడమర్చి మరీ. తమరు చదివుండరు లెండి, తమర్ని విసిరేసేవాళ్ళే చదవలేదు.

ఎయిర్‌పోర్టు గోడ లోపల పాపం అక్కడివాళ్ళు పక్షులు రాకుండా గడ్డి కోయిస్తారు, పురుగుల మందు కొట్టిస్తారు, టపాసులు పేలుస్తారు, గ్యాస్ గన్ పెట్టి ఢాం ఢాం అనిపిస్తారు. గద్ద ఓసారి అదిరిపడి లేచి ఓ రౌండేసి మళ్ళీ తమరి దగ్గరికే. అన్నం పెట్టే చెయ్యిని ఎవరు వదులుకుంటారు చెప్పండి. దాని బరువు కిలో కూడా ఉండదు, కానీ టేకాఫ్ స్పీడులో ఇంజన్లోకి పోతే ఫ్యాన్ బ్లేడ్లు వంకర్లు తిరుగుతాయి. 2022 జూన్లో పాట్నాలో అదే జరిగింది, పక్షి తగిలి ఎడమ ఇంజన్లో మంటలు, 185 మంది ప్రయాణికులతో విమానం వెనక్కొచ్చి దిగింది, అందరూ బతికారు. 2009లో న్యూయార్క్‌లో ఇంజన్లలోకి పక్షులు పోయి హడ్సన్ నదిలో దిగిన విమానం సంగతి అందరికీ తెలిసిందే, అయితే అవి వలస బాతులు, ఆ కేసులో తమరికి సంబంధం లేదు, ఒప్పుకుంటా.

షాపులో వేస్టంతా డ్రమ్ములో వేసి రెండరింగ్ ప్లాంటుకి, అంటే మాంసం వేస్టుని ఉడికించే ఫ్యాక్టరీకి పంపితే కొవ్వు వేరు, పొడి వేరు చేసుకుంటారు. కానీ బండి కోసం ఎవరాగుతారు, చీకటి పడ్డాక స్కూటీ ముందు పెట్టుకుని పోయి నాలాలో ధబేల్మని వేస్తే పని అయిపోయె. ఇళ్ళవాళ్ళం తక్కువ తిన్నామా? ఫ్లైట్ లేటైందని కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు పేజీలు తిట్టిన పెద్దమనిషే, ఆదివారం సాయంత్రం ఎముకలన్నీ తమరిలో మూటగట్టి పక్క ప్లాట్లోకి గిరాటేస్తాడు, పైగా "పక్షులు తింటాయి లెండి, పుణ్యం" అంటాడు.

ఈ ఆదివారం షాపాయన "సార్, స్కిన్ తీసెయ్యాలా" అంటాడుగా, తీసింది ఎక్కడికి పంపిస్తున్నావని అడుగుతా. వెంటనే కౌంటర్ కింద చెయ్యి పెట్టి తమర్నే బయటకి లాగుతాడేమో, చూద్దాం.